ఆ ఏడాది మినియాపొలిస్‌లో

టీవీలో వియత్నాం బొమ్మలు మొదలవగానే మా ఇంటిగలావిడ లేచి వెళ్ళి సౌండ్ పూర్తిగా తగ్గించేసేది. తుపాకుల చప్పుడు వినలేక అలా చేస్తోందని చాలా రోజులు అనుకున్నాను. ఒకరోజు వంటగదిలో గిన్నెలు తుడుస్తూ ఆవిడే చెప్పింది: "మాటలు వినబడుతుంటే ముఖాల మీద చూపు నిలవదు." హెలికాప్టర్లోంచి దూకి, నడుం వంచి పరుగెత్తే ఆ కుర్రాళ్ళలో తన కొడుకు ఉన్నాడేమోనని వెతికేది. 1967 డిసెంబరులో వెళ్ళాడు ఆ అబ్బాయి. అప్పటికి 19 ఏళ్ళు. 12 నెలల డ్యూటీ. వంటగది గోడకి వేలాడే కాలెండర్లో రోజూ పడుకోబోయే ముందు ఒక గడి కొట్టేసేది.

1968 అమెరికా అధ్యక్ష ఎన్నిక గురించి తర్వాతి కాలంలో చాలా చదివాను. కానీ ఎవరైనా ఆ మాట ఎత్తితే నాకు కళ్ళముందు కనబడేది సౌండ్ లేని ఆ బ్లాక్ అండ్ వైట్ టీవీ, దాని ముందు కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్న ఆ పెద్దావిడ వీపు.

నేను 1966 సెప్టెంబరులో విశాఖపట్నం నుంచి మిన్నెసోటా యూనివర్సిటీకి ఎం.ఎస్. చదవడానికి వెళ్ళాను. ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఇ. అయిపోయిన వెంటనే ప్రయాణం. క్యాంపస్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పాత చెక్క ఇంట్లో పై గది అద్దెకి దొరికింది. ఇంటిగలావిడ పూర్వీకులది నార్వే. భర్త మిసిసిపీ నది ఒడ్డున పిండి మిల్లులో పనిచేసి పోయాడు. ఆదివారం లూథరన్ చర్చి, రోజంతా పొయ్యి మీద కాఫీ, ఒక్కగానొక్క కొడుకు, ఇదీ ఆవిడ లోకం. పై అంతస్తులో నాకు పక్కగదిలో ఒక అమెరికన్ కుర్రాడు ఉండేవాడు. పాడి పశువులున్న రైతు కుటుంబం వాళ్ళది. 1967లో హిస్టరీలో పై చదువుకి చేరాడు. ఇద్దరికీ కలిపి ఒకటే బాత్రూమ్, ఒకటే రేడియో.

మా నాన్నగారు విశాఖ పోర్టులో గుమాస్తా. అప్పట్లో మన దేశంలో కరువు, అమెరికా ఆహార సాయం పథకం పి.ఎల్. 480 కింద గోధుమల ఓడలు వస్తుండేవి. "నువ్వున్న వైపు పండిన గోధుమలే ఇక్కడ దిగుతున్నాయి కాబోలు" అని ఉత్తరంలో రాశారు ఒకసారి. అమెరికా బాంబులు ఆపాలని ఇందిరాగాంధీ అన్నందుకు అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కి కోపం వచ్చి, ఓడలని నెలకింత అని కొలిచి పంపుతున్నాడని పోర్టులో అందరూ అనుకునేవారట. అలా వియత్నాం యుద్ధం మా ఇంటి రేషన్ సంచీలోకి కూడా వచ్చింది. అందుకే అక్కడికి వెళ్ళాక, అది నాకు పరాయివాళ్ళ గొడవలా అనిపించలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. 1965లో అమెరికా వలస చట్టం మారాక మనలాంటివాళ్ళకి గ్రీన్ కార్డు అందుబాటులోకి వచ్చింది. అయితే గ్రీన్ కార్డు తీసుకున్న కుర్రవాడు డ్రాఫ్ట్‌కి పేరు ఇవ్వాలి. పిలిస్తే సైన్యంలోకి పోవాలి. ఓటు మాత్రం ఉండదు. చదువు అయ్యాక ఉద్యోగం ఇప్పిస్తానని మా ప్రొఫెసర్ అన్నప్పుడు నేను సంతోషంగా ఇంటికి రాశాను. పది రోజుల తర్వాత నాన్నగారి జవాబు వచ్చింది. ఎప్పుడూ ఏరోగ్రాం మూల మూలలా నింపి రాసే మనిషి, ఆసారి నాలుగే వాక్యాలు. ఆఖరిది: "మీ అమ్మ ఈ సంగతి విన్న దగ్గర్నుంచి అన్నం సరిగా తినడం లేదు."

నాలుగేళ్ళ ముందు, 1964లో, మా ఇంటిగలావిడ జాన్సన్‌కి ఓటు వేసింది. ఆ ఎన్నికలో జాన్సన్‌కి 61 శాతం ఓట్లు వచ్చాయి. ఆసియా కుర్రాళ్ళు చేసుకోవాల్సిన యుద్ధానికి మన కుర్రాళ్ళని పంపబోమని ఆయన సభల్లో చెప్పాడు. అప్పటికి వియత్నాంలో ఉన్న అమెరికన్ సైనికులు 23 వేల మంది. 1968 నాటికి 5 లక్షలు దాటారు. ఆ ఐదు లక్షల్లో తన కొడుకు ఒకడు. ఈ లెక్క ఆవిడ నోటితో ఎప్పుడూ చెప్పలేదు గానీ, జాన్సన్ టీవీలో కనబడితే లేచి వంటగదిలోకి వెళ్ళిపోయేది.

1967 నవంబరు ఆఖర్లో మా మిన్నెసోటా రాష్ట్ర సెనేటర్ యూజీన్ మెకార్తీ, తన సొంత డెమొక్రటిక్ పార్టీవాడే అయిన జాన్సన్ మీద పోటీకి దిగాడు. కవిత్వం రాసే మనిషి, ఒకప్పుడు సెయింట్ పాల్‌లో కాలేజీ పాఠాలు చెప్పాడు. పెద్ద నాయకులెవరూ ఆ పోటీని లెక్కచేయలేదు. రెండు నెలల తర్వాత, 1968 జనవరి ఆఖర్లో, వియత్నాం వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ పండుగనాడు, అమెరికా మీద పోరాడుతున్న కమ్యూనిస్టు గెరిల్లాలు, వియత్‌కాంగ్ దళాలు, వందకి పైగా ఊళ్ళ మీద ఒక్కసారిగా పడ్డాయి. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే చొరబడ్డాయి. సైనికంగా చూస్తే ఆ దాడుల్లో వాళ్ళే ఎక్కువ నష్టపోయారు. కానీ అంతకు రెండు నెలల ముందే అక్కడి అమెరికా సేనాపతి జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ ముగింపు కనుచూపులోకి వస్తోందని దేశానికి చెప్పి ఉన్నాడు. జనం ఆ మాటనీ టీవీలో ఈ బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ప్రభుత్వం మాట మీద నమ్మకం పోయింది అక్కడే. నా కళ్ళముందు పోయింది.

ఫిబ్రవరి 27 రాత్రి, దేశమంతా నమ్మే టీవీ వార్తల మనిషి వాల్టర్ క్రాంకైట్ వియత్నాం వెళ్ళొచ్చి ప్రత్యేక కార్యక్రమం చేశాడు. ఆ ఒక్క రాత్రి మా ఇంటిగలావిడ సౌండ్ తగ్గించలేదు. యుద్ధం ఎటూ తేలకుండా కూరుకుపోయిందని, గౌరవంగా మాట్లాడుకుని బయటపడడమే దారి అని ఆయన చెప్పాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విని, టీవీ ఆపేసి, గుడ్‌నైట్ కూడా చెప్పకుండా పడుకోడానికి వెళ్ళిపోయింది.

అదే నెలలో పక్కగది కుర్రాడి మీద పిడుగు పడింది. పై చదువులు చదివేవాళ్ళకి డ్రాఫ్ట్ నుంచి అంతదాకా ఉన్న వాయిదా తీసేశారు. వైద్యం లాంటి కొన్ని చదువులకే మిగిల్చారు. మర్నాడు గడ్డం నున్నగా గీసుకుని, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వచ్చాడు. సైన్యంలో చేరుతున్నాడేమోనని నా గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే మెకార్తీ ప్రచారం కోసమట. జనం ఇళ్ళకి వెళ్ళి తలుపు తట్టేటప్పుడు వాళ్ళ ఇంటి పిల్లల్లా కనబడాలని ఆ కుర్రాళ్ళు పెట్టుకున్న నియమం అది.

పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఒక్కో రాష్ట్రంలో జనం ఓటు వేసి చెప్పేదాన్ని ప్రైమరీ అంటారు. మార్చి 12న న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో జాన్సన్‌కి 49 శాతం, మెకార్తీకి 42 శాతం వచ్చాయి. లెక్క ప్రకారం జాన్సన్ గెలిచాడు. దేశమంతా మాత్రం జాన్సన్ ఓడినట్టే మాట్లాడుకుంది. నాలుగు రోజుల్లో, హత్యకి గురైన అధ్యక్షుడు కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ కూడా దిగాడు.

మార్చి 31, ఆదివారం. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో రెండు రోజుల్లో ప్రైమరీ. మా కుర్రాడు స్నేహితుడి కారు తీసుకుని ఓ క్లేర్ అనే ఊరికి బయల్దేరుతూ నన్నూ రమ్మన్నాడు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాణ్ణి, ప్రచారం నాకెందుకని భయపడ్డాను. కారులో కూర్చుని చూస్తే చాలన్నాడు. సాయంత్రందాకా వీధి వెంట వీధి తిరిగాం. ఊరి చివర ఒక రైతు ఇంటి ముందు కారు ఆగింది. ఆయన కాగితాలు తీసుకుని, కిటికీలోంచి నా వైపు కూడా ఒకసారి చూసి, "మీ వాడికే వేస్తాను. ఇలా నాన్చడం నావల్ల కాదు. గెలిస్తే గట్టిగా గెలవాలి, లేకపోతే పిల్లల్ని తీసుకొచ్చేయాలి" అన్నాడు. కారెక్కాక మా కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తను అడుగుతున్నది శాంతి. ఆయన వేస్తానంటున్న ఓటు దానికో కాదో తెలియలేదు. న్యూ హాంప్‌షైర్‌లో మెకార్తీకి ఓటు వేసినవాళ్ళలో, యుద్ధం ఇంకా గట్టిగా చేయాలనుకున్నవాళ్ళే ఎక్కువమంది ఉన్నారని పరిశోధకులు ఆ తర్వాత తేల్చారు. జనానికి నచ్చని యుద్ధం అందరికీ ఒకే కారణంతో నచ్చకుండా పోదు. ఆ ఏడాది మొత్తంలో నాకు అర్థమైన అతి ముఖ్యమైన విషయం అదే.

తిరిగి వస్తుంటే చీకటి పడింది. ఎనిమిది గంటలకి రేడియోలో జాన్సన్ ప్రసంగం మొదలైంది. ఉత్తర వియత్నాంలో చాలా భాగం మీద బాంబులు ఆపుతున్నానన్నాడు. ఇంకా ఏవేవో చెప్పాడు. మేం సగం వింటున్నాం, సగం లేదు. ఆఖరున, అంతే నెమ్మదిగా, అధ్యక్ష పదవికి మరోసారి తన పార్టీ నామినేషన్ కోరనని, ఇచ్చినా తీసుకోనని అన్నాడు. మా కుర్రాడు కారు పక్కకి తీసి ఆపేశాడు. ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద తల ఆన్చి ఏడ్చాడు. "అయిపోయింది, యుద్ధం అయిపోయింది" అన్నాడు. నేనూ అదే నమ్మాను. ఇల్లు చేరేసరికి ఇంటిగలావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. మాకు కాఫీ పోస్తూ అడిగిన మొదటి మాట: "అయితే పిల్లల్ని ఎప్పుడు పంపిస్తారట?"

అంత సంతోషం నాలుగు రోజులే. ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. జూన్‌లో కాలిఫోర్నియా ప్రైమరీ గెలిచిన రాత్రే లాస్ ఏంజెలిస్ హోటల్లో రాబర్ట్ కెన్నెడీని కాల్చారు. ఆ రెండింటి గురించి ఇప్పటికీ నేను ఎక్కువ రాయలేను.

ఇక మిగిలింది హ్యూబర్ట్ హంఫ్రీ, ఉపాధ్యక్షుడు. మా ఇంటిగలావిడకి ఆయన పేపర్లో మనిషి కాడు, 1945లో మినియాపొలిస్ మేయరైన తమ ఊరి మనిషి. ఒకసారి మిల్లు గేటు దగ్గర తన భర్తతో ఆయన చెయ్యి కలిపి, పేరు గుర్తుపెట్టుకుని, మళ్ళీ ఏడాది అదే పేరుతో పిలిచాడని చెప్పేది. 1948లో నల్లవారి హక్కుల కోసం సొంత పార్టీ మహాసభని నిలదీసిన ధైర్యం ఆయనది. అది మా కుర్రాడు కూడా ఒప్పుకునేవాడు. మరి యుద్ధం దగ్గర ఏమైంది ఆ ధైర్యం? పైన జాన్సన్, కింద జనం. కక్కలేక మింగలేక, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఉండేది ఆయన ప్రతి ప్రసంగం.

ఆగస్టులో చికాగోలో, అభ్యర్థిని ఖాయం చేసే డెమొక్రాట్ల మహాసభ. మా కుర్రాడు బస్సెక్కి వెళ్ళాడు. మేమిద్దరం ఇక్కడ టీవీలో చూశాం. 28వ తేదీన లోపల హాల్లో యుద్ధం ఆపాలన్న తీర్మానం ఓడిపోయింది. బయట మిషిగన్ అవెన్యూలో హిల్టన్ హోటల్ ముందు పోలీసులు లాఠీలతో కుర్రాళ్ళ తలలు పగలగొట్టారు. "ప్రపంచమంతా చూస్తోంది" అని వాళ్ళు అరుస్తున్నారు. ఒక్క ప్రైమరీలో కూడా నిలబడని హంఫ్రీకి ఆ రాత్రే నామినేషన్ వచ్చింది. ఇంటిగలావిడ అలవాటు కొద్దీ లేచి సౌండ్ తగ్గించింది. ఈసారి ఆవిడ వెతికింది మా పక్కగది కుర్రాణ్ణి. రెండు రోజుల తర్వాత అతను వాసన వేసే చొక్కాతో, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చాడు. ఆవిడ ఏమీ అడగకుండా చొక్కా విప్పించి ఉతికి ఆరేసింది. "హంఫ్రీకి నేను ఓటు వెయ్యను" అన్నాడతను. ఆవిడ మెల్లగా, "ఆయన మంచివాడే, బాబూ" అంది. అంతకుమించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

సెప్టెంబరు నుంచి అతను పిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాడు. టీచర్లకి కొన్ని డ్రాఫ్ట్ బోర్డులు వాయిదా ఇచ్చేవి.

ఆ నెలంతా హంఫ్రీ ఎక్కడికి వెళ్ళినా అల్లరే. రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ మాత్రం కొత్త నాయకత్వం వస్తే యుద్ధం ముగిస్తుందని, గౌరవప్రదమైన శాంతి తెస్తుందని అంటూ, ఎలా అన్నది చెప్పకుండా తిరిగాడు. మూడో మనిషి జార్జ్ వాలెస్ ఒకడు, దక్షిణాది ఓట్లు చీల్చుకుంటూ. సెప్టెంబరు 30న సాల్ట్ లేక్ సిటీ నుంచి హంఫ్రీ టీవీలో మాట్లాడాడు. శాంతి కోసం ఆ పాటి రిస్క్ తీసుకోవచ్చు, బాంబులు ఆపుతానన్నాడు. ఆయన ముందున్న బల్ల మీద ఉపాధ్యక్షుడి ముద్ర లేదు. అది మా కుర్రాడే చూపించాడు నాకు. అప్పటినుంచి సభల్లో అల్లరి తగ్గింది, నిక్సన్‌కీ ఆయనకీ దూరం తగ్గుతూ వచ్చింది.

తర్వాత ఎప్పుడో బయటికి వచ్చిన సంగతి ఇక్కడే చెప్పాలి. 1965 ఫిబ్రవరిలోనే, యుద్ధం పెంచొద్దని, పెంచితే జనం మన వెంట ఉండరని హంఫ్రీ జాన్సన్‌కి రాసిచ్చాడు. దాంతో జాన్సన్ ఆయన్ని చాలాకాలం యుద్ధం సమావేశాల దరిదాపులకి రానివ్వలేదు. అది చదివినప్పుడు నాకు ఆయన మీద జాలి రాలేదు, కోపమొచ్చింది. అన్నీ ముందే తెలిసిన మనిషి మూడున్నరేళ్ళు యజమానికి భయపడి నోరు కట్టుకున్నాడు. సాల్ట్ లేక్ మాటలు ఆగస్టులో చికాగోలో అని ఉంటే పక్కగది కుర్రాడు ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడిగేవాడు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను.

అక్టోబరు 31 హాలోవీన్. ముసుగులు వేసుకున్న పిల్లలు తలుపు తట్టి మిఠాయిలు అడుగుతున్నారు. ఇంటిగలావిడ గుమ్మం దగ్గర గిన్నె పట్టుకుని నిలబడింది. ముందు గదిలో టీవీలో జాన్సన్, ఉత్తర వియత్నాం మీద బాంబులు పూర్తిగా ఆపేస్తున్నానని చెబుతున్నాడు. ఆవిడ గిన్నె నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. ఆ సాయంత్రం పిల్లలకి నేను చేతికందినంత తీసి ఇచ్చేశాను. రెండు రోజులు గడిచాయి. శనివారంనాడు దక్షిణ వియత్నాం అధ్యక్షుడు తియూ, యుద్ధం ఆపడం గురించి పారిస్‌లో జరగాల్సిన చర్చలకి తాము రామని చెప్పేశాడు. పేపరు చేతిలో పట్టుకుని ఆవిడ అడిగింది: "మరి వీళ్ళ కోసమే కదా వాడు అక్కడున్నది?"

నిక్సన్ మనుషులు అన్నా షెనాల్ట్ అనే ఆవిడ ద్వారా సైగాన్‌కి కబురు పెట్టారని, కాస్త ఆగండి, మేం గెలుస్తాం అని చెప్పించారని ఏళ్ళు గడిచాక తెలిసింది. జాన్సన్‌కి ఆ వారమే తెలుసు. ఫోన్లో ఇది రాజద్రోహం అన్నాడు, ఆ టేపులు ఇప్పుడు ఎవరైనా వినవచ్చు. జనానికి మాత్రం చెప్పలేదు. తియూ ఆ కబురు లేకపోయినా అదే పని చేసేవాడేమో. కానీ కొడుకు కోసం రోజులు లెక్కపెట్టుకునే ఒక తల్లి ఓటు వేయబోయే ముందు, ఆ తల్లికి తెలియాల్సిన మాట అది.

నవంబరు 5 రాత్రంతా లెక్కలు తేలలేదు. మర్నాడు హంఫ్రీ మా ఊళ్ళోనే, లీమింగ్టన్ హోటల్లో ఓటమి ఒప్పుకున్నాడు. 7 కోట్ల 30 లక్షల ఓట్లు పడితే ఇద్దరి మధ్య తేడా సుమారు 5 లక్షలు. నిక్సన్‌కి 43.4 శాతం, హంఫ్రీకి 42.7. మిన్నెసోటా మాత్రం ఆయన్ని గెలిపించింది. టీవీలో ఆయన ముఖం చూస్తూ ఇంటిగలావిడ ఏడుపు ఆపుకోలేకపోయింది. ఓదార్చబోయాను. "ఆయనకి నేను వెయ్యలేదు" అంది. నేను నిర్ఘాంతపోయాను. ఆవిడ తమ్ముడు కొరియా యుద్ధంలో ఉన్నాడట. 1952లో ఐసెన్‌హోవర్ తను కొరియా వెళ్తానన్నాడు, గెలిచాడు, మరుసటి ఏడాది యుద్ధం ఆగింది, తమ్ముడు ఇంటికి వచ్చాడు. "మొదలుపెట్టినవాళ్ళు ఆపలేరు. వేరేవాళ్ళు వస్తే ఆపుతారు" అంది. పైనుంచి దిగివచ్చిన మా కుర్రాడు మెట్ల మీదే నిలబడి విన్నాడు. తనూ వెళ్ళాడట ఓటింగుకి. మిగతా పదవులన్నిటికీ వేసి, అధ్యక్షుడి వరస ఖాళీగా వదిలేశాడు.

ఒకే ఇల్లు. ఇద్దరికీ కావలసింది యుద్ధం ఆగడమే. ఇద్దరికీ ఇష్టంలేనివాడు నిక్సన్. ఆ ఇంటి నుంచి హంఫ్రీకి ఒక్క ఓటు కూడా పడలేదు. మూడోవాణ్ణి నేను, నాకు ఓటు లేదు. నిక్సన్ వచ్చాక అమెరికా యుద్ధం 1973 జనవరిదాకా సాగింది. ఆ నాలుగేళ్ళలో ఇంకో 20 వేలకి పైగా అమెరికన్ కుర్రాళ్ళు పోయారు. వియత్నాం వాళ్ళ లెక్క చాలా పెద్దది.

నేను గ్రీన్ కార్డు తీసుకోలేదు. 1970లో తిరిగి వచ్చేశాను. 1967 ఎన్నికలప్పుడు ఇక్కడ లేను కాబట్టి నా మొదటి ఓటు 1971 మార్చిలో, విశాఖపట్నంలో పడింది. పెట్టె ముందు నిలబడినప్పుడు చెయ్యి వణికింది. ఆ వంటగదే గుర్తొచ్చింది.

ఆ అబ్బాయి 1968 డిసెంబరులో క్షేమంగా వచ్చాడు. కాలెండర్లో ఇంకా రెండు గడులు మిగిలి ఉండగానే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎండకి కమిలిపోయి ఉన్నాడు. అప్పటికి 20 ఏళ్ళే కాబట్టి ఎన్నికల్లో అతనికీ ఓటు లేదు. ఆ రోజుల్లో అక్కడ 21 నిండితేనే. అసలు ఎన్నిక ఊసే ఎత్తలేదు. జనవరి మధ్యలో ఒక సాయంత్రం నలుగురం కూర్చుని వార్తలు చూస్తున్నాం. పారిస్‌లో చర్చలకి ఎలాంటి బల్ల వేయాలన్న తగువు వారాల తరబడి సాగి సాగి, చివరికి గుండ్రటి బల్లకి అందరూ ఒప్పుకున్నారట. "ఇన్నాళ్ళూ బల్ల గురించా?" అన్నాడు ఆ అబ్బాయి. ఎవరం జవాబు చెప్పలేదు. తర్వాత వియత్నాం బొమ్మలు మొదలయ్యాయి. కొడుకు పక్కనే కూర్చుని ఉన్నాడు. అయినా ఆవిడ లేచి వెళ్ళి సౌండ్ తగ్గించేసింది. అతను కుర్చీ ముందుకి లాక్కుని, టీవీకి దగ్గరగా వంగి, ఒక్కొక్క ముఖమే వెతకడం మొదలుపెట్టాడు.